వదిన నమ్మని పచ్చ టిక్కు

మా వదినకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ముక్కు మీదుంటే తుమ్మినప్పుడైనా ఊడిపడేది. ఆవిడ కోపం ఎముకల్లోకి దిగిపోయింది. దిగి ఇరవై ఏళ్లయింది.

పెళ్లికి ముందు వదిన ఒక ఫొటో స్టూడియోలో కంప్యూటర్లు చూసుకునేది. ఒకరోజు అక్కడ డిస్కు పాడైపోయింది. "కంగారెందుకు, బ్యాకప్ ఉందిగా" అన్నాడు ఓనరు. ఉంది. ఫోల్డర్లు ఉన్నాయి, వాటి మీద పేర్లు ఉన్నాయి, లోపల ఒక్క ఫొటో లేదు. ఆర్నెల్లపాటు రోజూ సాయంత్రం "పూర్తయింది" అని పచ్చ టిక్కు పెట్టిన ప్రోగ్రాం ఖాళీ ఫోల్డర్లను భద్రంగా దాచిపెట్టింది. భార్య పోయిన ఒక పెద్దాయన, ఇద్దరూ కలిసి తీయించుకున్న ఒకే ఒక్క ఫొటో కోసం వచ్చాడు. లేదని చెబితే "సరేనమ్మా" అని వెళ్లిపోయాడట. "తిట్టి ఉంటే బాగుండేది" అంటుంది వదిన ఇప్పటికీ. ఆ రోజు నుంచి ఆవిడకు పచ్చ టిక్కు కనబడితే చాలు, ఒళ్లు మండుతుంది.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి చేసిన పని గురించే చెబుతున్నాను, కాబట్టి నా మీద ఎవరూ జాలి పడనక్కర్లేదు.

నేను ఆవిడ ఆడపడుచును. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే చోట పని చేస్తాం. మాది గొంతుకూ మాటకూ సంబంధించిన క్లినిక్కు, కళ్లజోళ్ల షాపు పైన రెండో అంతస్తులో. నత్తి ఉన్న పిల్లలు వస్తారు, పక్షవాతం వచ్చి మాట పోయినవాళ్లు వస్తారు. జబ్బు చేసి స్వరపేటిక తీయించుకోబోయేవాళ్లు కూడా వస్తారు. ఆపరేషనుకు ముందే వాళ్ల చేత పదహారు వందల వాక్యాలు చదివించి రికార్డు చేస్తాం. వాటితో ఒక ల్యాబు వాళ్లు అదే గొంతును తయారుచేసి చిన్న ట్యాబులో పెడతారు. తర్వాత ఆ మనిషి ఏది టైపు చేస్తే అది తన గొంతుతోనే వినిపిస్తుంది. రిసెప్షనులో నేను, మధ్య గదిలో థెరపిస్టు, చివరి గదిలో రికార్డింగు చేసే పెద్దాయన. ఆయన్ని అందరం మైకు బాబాయి అంటాం. మా ముగ్గురి కంప్యూటర్లనూ చూసుకునే మనిషి వదిన.

మూడు కంప్యూటర్లవీ మూడు జాతులు. నాది విండోస్. థెరపిస్టుది మ్యాక్, సొంతంగా కొనుక్కున్నది, దాని మీద ఎవరైనా చెయ్యి వేస్తే ఆవిడ ముఖం మాడిపోతుంది. బాబాయిది లినక్స్. మూడింటికీ ఒకే బ్యాకప్ ప్రోగ్రాం ఉండాలని వదిన పట్టుబట్టి ఒక ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను ఎంచుకుంది. అంటే దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. "దీంట్లో దాచింది ఈ మూడింట్లో దేంట్లో అయినా తెరుచుకుంటుంది. రేపు ఏది చచ్చినా మిగతా రెండూ ఆదుకుంటాయి" అంది. మా డైరెక్టరు గారు మూతి విరిచారు. "ఊరికే దొరికేదాన్ని ఎలా నమ్ముతామమ్మా?"

"గాలి కూడా ఊరికే దొరుకుతోందండీ, పీల్చడం మానేశారా?" అంది వదిన.

పెద్దవాళ్లతో అలా మాట్లాడకూడదని ఇంటికెళ్లాక నేను చెప్పబోతే నా మీదా ఎగిరింది.

నా మిషను మీద ఎక్కిస్తుంటే నీలం తెర ఒకటి వచ్చి, ఇది ఎవరు చేశారో తెలియదు, వద్దు అని అడ్డుపడింది. తయారుచేసినవాళ్లు తమ సైటులో పెట్టిన పొడవాటి అంకెల వరసతో మేం దించుకున్న ఫైలు వరసను పోల్చి, రెండూ ఒకటేనని తేలాకే వదిన ముందుకు నొక్కింది. నేను లాగిన్ కాకపోయినా తన పని తాను చేసుకునేలా పెట్టింది. మ్యాక్ దగ్గర మాత్రం పెద్ద యుద్ధమే అయింది. ప్రోగ్రాం ఐదు నిమిషాల్లో ఎక్కింది గానీ, డిస్కు మొత్తం చూసే అనుమతి విడిగా సెట్టింగుల్లోకి వెళ్లి ఇవ్వాలి. ఇవ్వకపోతే అది డాక్యుమెంట్లను వదిలేసి, మిగతావి దాచేసి, అయిపోయిందంటుంది.

"నా ఫైళ్లన్నీ అదెందుకు చూడాలి?" అంది థెరపిస్టు.

"చూడకుండా ఎలా దాస్తుందండీ? కళ్లకు గంతలు కట్టి ఇల్లు సర్దమంటారా?"

గంటసేపు వాదించుకున్నారు. చివరికి థెరపిస్టు కీబోర్డు విరిగేలా పాస్‌వర్డు కొట్టింది. లినక్స్ మీద ఏ గొడవా లేదు. నల్ల తెర మీద ఒక్క లైను కొట్టగానే ఎక్కి కూర్చుంది. ప్రతి మిషను పక్కనా ఒక డిస్కు పెట్టె, రోజూ సాయంత్రం ఐదింటికి దాంట్లోకి కాపీ. "అందరికంటే బుద్ధిమంతురాలు ఇదే" అని వదిన బాబాయి మిషనును మెచ్చుకుంది. మమ్మల్ని ముంచింది కూడా అదే.

అక్కడితో ఊరుకుంటే ఆవిడ మా వదిన ఎందుకవుతుంది? ఒక రూలు పెట్టింది. ప్రతి శుక్రవారం ఒకరి పెట్టెను పీకి ఇంకొకరి మిషనుకు తగిలించాలి. అందులోంచి ఆ వారం ఫైలు ఒకటి బయటికి తీసి, తెరిచి చూడాలి. చూసినవాళ్లు పుస్తకంలో ఆ ఫైలు పేరు రాసి సంతకం పెట్టాలి. "దాచడం ఎవరైనా దాస్తారు. తిరిగొచ్చిందా లేదా, అది చెప్పండి నాకు" అనేది. బాబాయి పెట్టెను మోసుకొచ్చి నా మిషను మీద తెరవడం నా వంతు. మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్లం. అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను.

ఆ రోజుల్లోనే క్లచ్చమ్మ గారు వచ్చారు. ముప్ఫై ఏళ్లుగా కారు నడపడం నేర్పుతున్న మనిషి. పక్క సీట్లో కూర్చుని "క్లచ్! క్లచ్చమ్మా, క్లచ్!" అని అరిచి అరిచి శిష్యుల చేత ఆ పేరు పెట్టించుకున్నారు, తనూ అదే పేరు చెప్పుకునేవారు. గొంతులో గడ్డ. ఆపరేషనుకు తేదీ పడింది. మూడున్నర వారాలు రోజూ వచ్చి, బొంగురుపోయిన గొంతుతోనే మేమిచ్చిన కాగితాలు చదివారు. ఈ రోజు వాతావరణం చల్లగా ఉంది. దయచేసి తలుపు వేయండి. మీరు చేసిన సాయానికి కృతజ్ఞతలు.

"జన్మలో ఇంత మర్యాదగా మాట్లాడలేదమ్మా. మా ఆయన వింటే ఎవరీవిడ అంటాడు" అని నా బల్ల దగ్గర ఆగి నవ్వేవారు.

మొదటి రెండు రోజుల రికార్డింగులో సన్నగా గుయ్‌మని చప్పుడు పడింది. మైకు బాబాయివి పాము చెవులు. అది డిస్కు పెట్టె తిరిగే చప్పుడని పట్టేశాడు. మూడో రోజు పొద్దున పెట్టెను పీకి, తువ్వాల్లో చుట్టి, సొరుగులో పెట్టాడు. సాయంత్రం తెర చూస్తే పచ్చ టిక్కు పడింది. సరే, పెట్టె లేకపోయినా పని జరుగుతోందనుకున్నాడు. జరిగిందేమిటంటే, పెట్టె కోసం పెట్టిన ఫోల్డరు ఆ మిషను సొంత డిస్కు మీద ఖాళీగా మిగిలింది. ప్రోగ్రాం తెచ్చిందంతా అందులోనే పోసింది. అసలూ నకలూ ఒకే డిస్కు మీద.

శుక్రవారం వచ్చింది. చివరి గది బయట ఎర్రలైటు వెలుగుతోంది, లోపల రికార్డింగు నడుస్తోందని. అది ఆరేదాకా ఆగాలి. నా ఎదురుగా ఎనిమిది మంది కూర్చున్నారు, ఫోను మోగుతోంది. పుస్తకం తీసి, ఉండే ఉంటుందనుకున్న ఒక ఫైలు పేరు రాసి, సంతకం పెట్టాను. రెండో శుక్రవారం లైటు వెలుగుతోందో లేదో కూడా చూడలేదు. మూడో శుక్రవారం కుర్చీలోంచి లేవనే లేదు. ఒక్కసారి వెళ్లి "బాబాయ్, పెట్టె ఇవ్వు" అని అడిగి ఉంటే చాలు. సొరుగు తెరిచేవాడు.

మంగళవారం పదిన్నరకు బాబాయి గదిలోంచి బయటికొచ్చాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. డిస్కు టకటకా కొట్టుకుని ఆగిపోయిందట. క్లచ్చమ్మ గారు పదకొండింటికి చివరి ముప్ఫై వాక్యాల కోసం వస్తారు, బుధవారం పొద్దున్నే ఆస్పత్రిలో చేరతారు.

వదిన పరుగున వచ్చింది. "ఏం ఫర్వాలేదు బాబాయ్, పెట్టె ఉందిగా. ఏదీ?"

ఆయన సొరుగు తెరిచాడు. తువ్వాలు విప్పాడు. వదిన దాన్ని తన ల్యాప్‌టాపుకు తగిలించింది. రెండు వందల పన్నెండు వాక్యాలున్నాయి, గుయ్‌మనే చప్పుడుతో సహా. అంతే. వదిన రిసెప్షనుకు వచ్చి, పుస్తకం తెరిచి, నా మూడు సంతకాల మీద వేలు పెట్టింది.

"ఇవేమిటి?"

"వదినా, అది..."

"తెరిచి చూశావా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"లేదు వదినా."

ఇంతలో డైరెక్టరు గారు వచ్చి, నేను ముందే చెప్పాను, ఊరికే దొరికే సాఫ్ట్‌వేరు అంటే ఇంతే అన్నారు. వదిన ఒక్కసారిగా ఆయన వైపు తిరిగింది. "సాఫ్ట్‌వేరు చెప్పిన పని చేసిందండీ. పెట్టె కనబడకపోతే ఆగిపో అని ఒక్క లైను రాయాల్సింది, నేను రాయలేదు. శుక్రవారం మనుషులు చూస్తారు కదా అనుకున్నాను. మనుషుల్ని నమ్మాను చూడండి, అదీ నా బుద్ధి తక్కువ." తర్వాత నాతో అంది. "ఆవిడ మెట్లెక్కుతున్నారు. నువ్వే చెప్పు. నా నోటితో చెప్పించకు."

చెప్పాను. సంతకాల సంగతి కూడా దాచలేదు, వదిన పక్కనే నిలబడి దాచనివ్వలేదు. థెరపిస్టు ఆస్పత్రికి ఫోన్ చేసింది. ఒక్క రోజు కూడా వాయిదా వెయ్యడం కుదరదన్నారు. ఆ గొంతు గంటన్నరకు మించి పని చెయ్యదని థెరపిస్టుకు తెలుసు. కుదిరినన్ని వాక్యాలైనా మళ్లీ చదివిద్దామంది.

క్లచ్చమ్మ గారు వెళ్లి మైకు ముందు కూర్చున్నారు. కాగితం అందుకున్నారు. "ఈ రోజు వాతావరణం" అని ఆగారు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేశారు.

"మూడున్నర వారాలు మీ దయచేసీ కృతజ్ఞతలూ చదివాను కదమ్మా నోరు మూసుకుని. ఏది? ఎక్కడ? ఈ గొంతు రేపట్నించి ఉండదని తెలుసా మీకు? మా మనవరాలికి రెండేళ్లు. దానికి గుర్తుండాలని వచ్చాను ఇక్కడికి. సంతకం పెట్టిందట, సంతకం! స్టీరింగు పట్టుకోకుండా బండి నడిపామంటే నా శిష్యుల చెంప పగలగొట్టేదాన్ని!"

"అమ్మా, వాక్యాలు..." అన్నాడు మైకు బాబాయి.

"ఉంచండి బాబాయ్. రికార్డు అవనివ్వండి" అంది వదిన. "గొంతు గొంతే. తిట్టనివ్వండి ఆవిడని."

తిట్టారు. నన్ను, బాబాయిని, డైరెక్టరును, డాక్టర్లను, దేవుణ్ణి, పాతికేళ్ల క్రితం ఎర్రలైటు దాటించి గేటుకు గుద్దిన ఒక శిష్యుణ్ణి. వదిన మైకును తన ల్యాప్‌టాపుకు కలిపి, దానికి కొత్త పెట్టె తగిలించి, ప్రతి పది నిమిషాలకూ దాన్ని పీకి నా చేతిలో పెట్టింది. "వెళ్లు. నీ మిషను మీద తెరువు. పూర్తిగా విను. వినకుండా రాకు." విన్నాను. వెళ్లిన ప్రతిసారీ నా హెడ్‌ఫోన్లలో నన్నే తిడుతున్న గొంతు. ఏడు సార్లు వెళ్లాను. పుస్తకంలో ఏడు ఫైళ్ల పేర్లు రాసి ఏడు సంతకాలు పెట్టాను. ఎనిమిదోసారి పెట్టె ఇవ్వలేదు. లోపల ఆవిడ పెదవులు కదులుతున్నాయి, గాలి మాత్రమే వస్తోంది.

ఆ సాయంత్రం వదిన ఆ ఒక్క లైనూ రాసింది. పెట్టెలన్నిటికీ పొడవాటి వైర్లు వేసి గది బయటికి పెట్టించింది. ఇంట్లో పదకొండు రోజులు నాతో మాట్లాడలేదు. మా అన్నయ్య మధ్యవర్తిత్వానికి వస్తే, "మీ చెల్లెలికి సంతకం ఎక్కడైనా పెట్టడం వచ్చు, ఏదైనా కాగితం మీద రాజీ రాయించుకోండి" అందట.

రెండు నెలలకు క్లచ్చమ్మ గారు వచ్చారు. మెడకు రుమాలు, చేతిలో ట్యాబు. మొదటి రెండు వందల పన్నెండు వాక్యాలూ చప్పుడు వల్ల పనికిరావన్నారట ల్యాబు వాళ్లు. ఆ గంటసేపటి తిట్లతోనే గొంతు తయారుచేశారు. వదిన నా బల్ల పక్కనే ఉంది. క్లచ్చమ్మ గారు కూర్చుని టైపు చేసి నొక్కారు.

"కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మా!"

ట్యాబులోంచి వచ్చిన ఆ అరుపుకు ఎదురుగా ఉన్నవాళ్లంతా ఉలిక్కిపడి నా వైపు చూశారు, నేనేం చేశానోనని. నేను లేచిన ఊపుకు కుర్చీ వెనక్కి పడింది. ఆవిడ నా ముఖం చూసి, గబగబా తల అడ్డంగా ఊపి, మళ్లీ టైపు చేశారు.

"నీ మీద నాకు కోపం లేదమ్మా. ఎప్పుడో పోయింది."

చెంప మీద కొట్టినట్టు వచ్చింది ఆ మాట. వదిన ముఖం పక్కకు తిప్పుకుంది. క్లచ్చమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో ట్యాబు శబ్దం బాగా తగ్గించి, అదే మాటను మళ్లీ నొక్కారు. అదే తిట్టు, చిన్నగా.