చావింటికి అన్నం

శ్మశానానికి వెళ్లినవాళ్లు తిరిగొచ్చి స్నానాలు చేశాక కూడా పాండీశ్వరి ఇంటికి ఎవరూ అన్నం తేలేదు. పోయింది ఆమె భర్త ఇళంగో.

మేలూరులోని ఆ తెలుగు వీధిలో చావింట్లో పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి తెస్తారు. తొమ్మిదేళ్ల కిందట ఎదురింటి అంజలమ్మ మామ పోయినప్పుడు పాండీశ్వరి సాంబారన్నం చేసి మోసుకెళ్లింది. అది తిన్న బంధువులు తమ ఇంట్లో చావు జరిగితే ఆమెకే ఫోన్ చేశారు, డబ్బిస్తామన్నారు. అలా ఒకరి ద్వారా ఒకరికి తెలిసి అదే ఆమె వ్యాపారమైంది. వీధి చివర వంటకు షెడ్డు వేసి, ఇద్దరు ఆడవాళ్లను పనికి పెట్టుకుంది. వీధిలో మిగతావాళ్లు చావిళ్లకు వండడం మానేశారు.

పెరియకుళం నుంచి వచ్చిన ఆడబిడ్డ పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పాండీశ్వరి పక్కనున్న అంజలమ్మను అడిగింది.

"అక్కా, సాపాడు ఎవరు చేస్తా ఉండారు?"

"నీ షెడ్డు ఆళ్లు చేస్తా ఉంటారని అనుకొంటిమే, పాండీ!"

"వాళ్లూ ఈడనే కూసోని ఏడుస్తా ఉండారు కదక్కా."

"మా ఇంట్లో పెద్ద గుండిగ కూడా లేదే ఇప్పుడు" అని అంజలమ్మ తల దించుకుంది.

పాండీశ్వరి తన పనివాళ్లిద్దర్నీ పిలిచి షెడ్డుకు వెళ్లమంది.

"ఎంతమందికక్కా?"

ఆమె పందిట్లో ఉన్నవాళ్లను ఒకసారి చూసింది.

"నలభై మందికి."