నబీ రసూల్ నల్లతెర

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లు దాటి ఎడమచేతి సందులోకి తిరిగితే నబీ రసూల్ అంగడి వస్తుంది. పెండ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఓటరు స్లిప్పులు, పాత ఫొటోలను పెద్దవి చేయడం ఆయన పని. తక్కిన అంగళ్లలో కంప్యూటరు తెర నిండా రంగురంగుల బొమ్మలుంటే, నబీ రసూల్ తెర ఎప్పుడూ నల్లగా ఉంటుంది. దాని మీద తెల్లటి అక్షరాలు చీమల బారుల్లా పైకి పాకుతుంటాయి.

మూతబడిన కంప్యూటరు సెంటరువాళ్లు అమ్మేసిన మిషన్ అది. అందులో విండోస్ కాదు, లినక్స్ ఉంది; మౌసు ముట్టకుండా అక్షరాలు కొట్టి కూడా దానితో పని చేయించవచ్చు. మొదట్లో నబీ రసూల్ దాన్ని రోజూ తిట్టేవాడు. జమ్మలమడుగు పక్క ఊర్లో గంగులయ్యకూ వెంకటప్పకూ చెడినాకనే దాని విలువ తెలిసింది.

వాళ్లిద్దరూ అక్కచెల్లెండ్ల బిడ్డలు. ఒకే గొర్రెల దొడ్డి దగ్గర పెరిగినోళ్లు. సర్పంచి సీటు కాడ విడిపోయి చెరొక పార్టీలో చేరినారు. రెండు పక్కల తలలు పగిలినాయి, కేసులైనాయి. ఇప్పుడు ఒకరు తాగే హోటల్లో ఇంకొకరు టీ తాగరు. పోస్టర్లకు మాత్రం ఇద్దరూ నబీ రసూల్ దగ్గరికే వస్తారు, ఆయన నోరు విప్పడని.

నోరు విప్పకపోయినా తెర విప్పుతుంది కదా. ఒక రోజు బొమ్మల ఫోల్డరు తెరవంగానే గంగులయ్య ముఖం పక్కనే వెంకటప్ప ముఖం నవ్వుతా కనబడింది. వెనక బెంచీ మీద కూర్చున్న పార్టీవాళ్లు నవ్వలేదు. ఆ సాయంత్రమే అంగడి బోర్డు మీద రాయి పడింది. అప్పటినుంచి నబీ రసూల్, బొమ్మ దిద్దేటప్పుడు తప్ప, మౌసును సొరుగులోంచి తీయడు. ఫైళ్లు వెతకడం, మార్చడం, పేర్లు పెట్టడం అంతా నల్లతెర మీద అక్షరాలతోనే. గంగులయ్యవన్నీ 'పొద్దున' అనే ఫోల్డర్లోకి, వెంకటప్పవన్నీ 'మాపటేల' అనే ఫోల్డర్లోకి సర్దేసినాడు. వాళ్లు రావాల్సిన వేళలు కూడా అవే. గంగులయ్య మనుషులు మధ్యాహ్నం లోపల, వెంకటప్ప మనుషులు ఆ తర్వాత.

"ప్రపంచాన్నంతా రెండు డబ్బాల్లో పెట్టినావు. మరి నన్ను యాడ పెట్టినావు?" అని భార్య దిల్షాద్‌బీ అడిగితే, "నువ్వు సిస్టమ్ ఫైలు. ముట్టుకుంటే మిషన్ ఆగిపోతాది," అనేవాడు. ఆ తెలివి చూసుకుని ఆయనకు కొంచెం గర్వం కూడా.

పంచాయతీ ఎన్నికలు వచ్చిన ఏడు, ఒక రోజు మధ్యాహ్నానికి కొంచెం ముందు గంగులయ్య తల్లి చిన్నసుబ్బమ్మ అంగడి మెట్లెక్కింది.

"అల్లుడూ, నాదీ మా అక్కదీ ఫొటో తీసియ్యి. ఇద్దరం చెరొక గొర్రెపిల్లను ఎత్తుకోని ఉంటాం సూడు, అది. పులివెందల ఆసుపత్రిలో మా యక్క పడుకోనుంది. మధ్యాహ్నం బస్సుకు పోవల్ల."

"ఇంట్లో ఫొటో ఏమాయ?"

"నా కొడుకు శించినాడు. మా యక్క కొడుకు మీద కోపం వస్తే మా ముఖాలు శించినాడు. శానా మొగోడు." ఆమె బెంచీ మీద కూలబడింది. "ఉత్త చేతుల్తో ఎట్ల పోయేది? పోయినేడు మనిషిని పంపిస్తే, మా యక్క ఏమనిందో తెల్సా? నాకు చెల్లెలే లేదు పో అనింది. ఫొటో చూపిస్తే కాదనలేదు గదా."

వెంకటప్ప తల్లి పెద్దసుబ్బమ్మ చెల్లెల్ని వద్దన్న సంగతి నబీ రసూల్‌కు తెలుసు. తెలిసినా తెలియనట్టే తల ఊపి, వేళ్లు విరుచుకున్నాడు.

"అదెంత సేపత్తా. పేరు కొడితే పరిగెత్తుకోని వస్తాది."

ఫోల్డర్లో ఉన్న పేర్లు చూపించే ఎల్ఎస్ ఆజ్ఞ కొట్టి, సుబ్బమ్మ పేరుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెట్టినాడు. 'పొద్దున'లో లేదు. 'మాపటేల'లో లేదు. ఫైండ్ కొట్టి మిషనంతా గాలించమన్నాడు. ఈసారి తెర నిండా సుబ్బమ్మలు వచ్చినారు. ఓటరు స్లిప్పుల సుబ్బమ్మలు, గృహప్రవేశాల సుబ్బమ్మలు, రేషన్ కార్డుల సుబ్బమ్మలు. ఆ చీమల బారు ఆగేసరికి నబీ రసూల్ కుర్చీని ముందుకు జరుపుకున్నాడు.

"ఇంతమందిలో ఒక్కతి కూడా నేను కాదా?" అంది చిన్నసుబ్బమ్మ.

"ఉండత్తా."

లోపలి గదిలోంచి దిల్షాద్‌బీ, "పరిగెత్తుకోని వస్తాండాదంట. కాలు బెణికినట్టుంది," అంది.

నబీ రసూల్ మళ్లీ కీబోర్డు మీద చేతులు పెట్టినాడు. అప్పుడు తట్టింది. అన్నీ సర్దిన రోజు ఆ ఫొటో దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అందులో ఇద్దరూ ఉన్నారు. పొద్దునలో వేస్తే మాపటేల వాళ్లకు కోపం, మాపటేలలో వేస్తే పొద్దున వాళ్లకు కోపం. ఎవరి కంటా పడకుండా ఏదో ఒక పేరు పెట్టి ఏదో ఒక మూల పడేసినాడు. ఆ పేరూ మూలా గుర్తు లేవు. ఇద్దరి మధ్య చిక్కుకోకూడదని ఇన్నేండ్లు కాపాడుకున్న తెలివి, తీరా ఆ ముసలామె ముందు ఆయన్నే వెర్రివాణ్ని చేసింది.

"అత్తా, ఆ ఫొటో నాకు ఎప్పుడు తెచ్చిచ్చినారు మీరు?"

"గొర్రెలకు నాలుకలు నీలంగా వాచిన ఏడు. మా యక్కవి సగం సచ్చినాయి, నావి బతికినాయి. నావాట్లో సగం దానికి తోలినా. ఆ వారమే ఇద్దరం వస్తిమి."

అంటే ఊరు విడిపోకముందు. నబీ రసూల్ ఈసారి పేరు అడగలేదు. ఆ ఏడు మిషన్లోకి ఎక్కినవి, స్కాన్ చేసిన ఫొటోలంత బరువున్నవి చూపమని ఫైండ్‌కు చెప్పినాడు. మిషన్ గురగురమంది. సందు చివర పులివెందుల బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది. చిన్నసుబ్బమ్మ అటు చూసి, మళ్లీ తెర వైపు తిరిగింది.

నాలుగు వరసలు వచ్చినాయి. ఒక పేరు చుక్కతో మొదలైంది. మొదట చుక్క ఉంటే ఎల్ఎస్ ఆ ఫైలును చూపించదు. నక్షత్రం పెట్టినా పట్టించుకోదు. చుక్క తర్వాత ఆ రోజు విసుగుతో నబీ రసూలే కొట్టిన పేరు: 'యాడపెట్టేది'.

ఆయన ప్రింటు తీసినాడు. రెండు గొర్రెపిల్లలు, రెండు ముక్కుపుడకలు, నవ్వు ఆపుకోలేని ఇద్దరు ఆడోళ్లు. చిన్నసుబ్బమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని దాన్ని అందుకుంది.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది. మధ్యాహ్నం దాటింది కదా, వెంకటప్ప తన పోస్టర్ల కోసం వచ్చినాడు. లోపల పిన్నమ్మను చూసి గడప దగ్గరే నిలబడినాడు. నబీ రసూల్‌కు అంగడి బోర్డు మీద పడిన రాయి మెదిలింది. కుర్చీలోనే చిన్నగా అయిపోయినాడు.

"యాడికి పోతాండావురా?" అంది చిన్నసుబ్బమ్మ.

వెంకటప్ప ఆమెతో ఏండ్లుగా మాట్లాడలేదు. అడిగింది చిన్నప్పుడు అన్నం పెట్టిన గొంతు. "ఆసుపత్రికి," అన్నాడు నేల చూస్తా.

"బస్సు పోయింది. నన్ను ఎక్కించుకో."

"మా యమ్మ నిన్ను చూడనంటాది."

చిన్నసుబ్బమ్మ ఫొటో అతని ముఖం ముందు పెట్టింది. "దీన్ని చూస్తాది. తర్వాత నన్ను తిడతాది. తిట్టల్లంటే చూడల్ల గదా."

వెంకటప్ప ఫొటోను చానాసేపు చూసినాడు. పోస్టర్ల కట్ట ఊసెత్తకుండా బయటికి నడిచి, జీపు ముందు సీటు మీద పరిచిన పార్టీ జెండాను తీసి వెనక్కు వేసినాడు. ఆమె ఎక్కడానికి చెయ్యి ఇచ్చినాడు.

జీపు సందు మలుపు తిరగకముందే నబీ రసూల్ ఫోను మోగింది. గంగులయ్య.

"ఏమప్పా నబీ, మా యమ్మ నీ అంగడికే వచ్చింటాది, ఆసుపత్రికి బయల్దేరిందా?"

"బయల్దేరింది."

"బస్సు దొరికిందా?"

నబీ రసూల్ ఖాళీ బెంచీ వైపు చూసినాడు. లోపలి గది తలుపు దగ్గర దిల్షాద్‌బీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"సీటు దొరికిందప్పా," అన్నాడు.