చెరువక్క గొంతు

చెరువు పార్కులో పడవెక్కిన వాళ్లకి ఆ చోటు చరిత్ర చెప్పడం ఆవిడ ఉద్యోగం. అందరికీ చెరువక్క. పొద్దస్తమానం అవే మాటలు. ఇది ముందునుంచీ చెరువు కాదండీ, రాళ్ల క్వారీ. రైలు వంతెనకి రాయి తీస్తుంటే ఊట తగిలింది. కూలీలు పనిముట్లు వదిలేసి ప్రాణాలు అరచేత పట్టుకుని పైకి పరిగెత్తారు. క్రేను ఇప్పటికీ అడుగునే ఉంది. తర్వాత ఊళ్లో చెత్తంతా ఇందులోనే పోశారు. పూడిక తీసి, గులాబీ తోట వేసి, బుల్లి రైలు పెట్టి పార్కు చేసింది ఆ మధ్యనే. పడవ మోటారు మోతలో ఇదంతా వినబడాలంటే అరవాలి. అరిచీ అరిచీ ఆవిడకి చెరువన్నా, చరిత్రన్నా ఒళ్లుమంట.

ఇల్లు చేరేసరికి గొంతులో మాట మిగిలేది కాదు. భర్త దర్జీ. మిషను తొక్కుతూ, "ఊరందరికీ పురాణం, మొగుడికి సైగలు" అని సణిగేవాడు. ఆవిడ చెయ్యి ఊపి మంచం మీద వాలిపోయేది. పాపం, ఆయన మాత్రం ఎన్నాళ్లని గోడలతో మాట్లాడతాడు?

చివరికి గొంతు డాక్టరు లైటు వేసి చూశాడు.

"ఇక అరవకండమ్మా. మెల్లగా మాట్లాడుకుంటే ఇంట్లోవాళ్లకి సరిపడా గొంతుంది. అరిచారా, అదీ ఉండదు."

పార్కు మేనేజరు మంచివాడే. "ఒక్కసారి మొత్తం చెప్పక్కా, రికార్డు చేసి పడవలో పెడతాం. నువ్వు గేటు దగ్గర కూర్చుని టికెట్లు చింపుదువుగాని" అన్నాడు.

రికార్డింగు గది చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దంగా ఉంది. "మైకుందండీ, మెల్లగా చెప్పండి" అని అక్కడి కుర్రాడు మొత్తుకున్నాడు. మెల్లగా మొదలుపెడితే ఆవిడకి రెండో మాట గుర్తు రాలేదు. ఆ చరిత్ర అరుపుగానే వచ్చు మరి. లేని మోటారు మీద అరిచింది. "లోతెంతో చెప్పండి చూద్దాం!" అని, లేని జనం జవాబు కోసం ఆగింది కూడా. గులాబీ తోట దగ్గర గొంతు చీరుకుంది. ఇంట్లో మనిషి గుర్తొచ్చాడు, భయం వేసింది. ఆగాల్సిందే. కానీ సగం చరిత్రకి గేటు దగ్గర కుర్చీ ఎవరిస్తారు? బుల్లి రైలు దాకా లాక్కొచ్చింది.

మర్నాడు మొగుణ్ణి పిలవబోతే గాలే వచ్చింది. ఎన్ని మందులు మింగినా అంతే.

ఒక ఆదివారం టికెట్ల వరుసలో భర్త కనబడ్డాడు. ఎన్నడూ పార్కు మొహం చూడని మనిషి. ఇంటి దగ్గర ఏమైందోనని ఆవిడ కుర్చీలోంచి లేచింది.

"ఏం కాలేదులే, కూర్చో" అన్నాడాయన. టికెట్టు చాపి, పక్కవాళ్లకి వినబడకుండా, "నీ మాట విని చాలా రోజులైందే. పడవెక్కి వస్తాను" అన్నాడు.

పడవలో వినబడేది అరుపేనని, ఆయన చెయ్యి పట్టుకుని ఆపుదామనిపించింది. వెనక జనం తోసుకొస్తున్నారు. టికెట్టు చింపి సగం ఆయనకిచ్చింది.