మడి నడిమికి దిగి చూసే పెదనాన్న

ఈ కార్తీకం మొదట్లో మా పెదనాన్న పోయారు. విజయవాడలో కాలేజీ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. చుట్టాలందరికీ మాత్రం ఆయన పురుగుల పెదనాన్నే. ఎవరి ఇంట్లో చెద పట్టినా, ఎవరి చేలో ఆకు ముడుచుకున్నా ముందు ఆయనకే ఫోను. అన్నం తింటున్నా ఎత్తేవారు.

పురుగు కనబడితే మనం చెప్పు తీస్తాం. ఆయన గాజు గ్లాసు బోర్లించి, కళ్లజోడు పైకి నెట్టుకుని చూసేవారు. ఒకసారి మా మిద్దె మీద చిక్కుడు పాదుకి పేనుబంక పట్టింది. మధ్యలో నల్లగా, ముళ్లు ముళ్లుగా ఏవో పాకుతుంటే నేను మందు డబ్బా తీశాను.

"ఆగమ్మా. అవి అక్షింతల పురుగు పిల్లలు. పేనుని తినడానికొచ్చాయి. నీ పని అవి చేసిపెడుతుంటే వాటినే చంపుతావా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. ఎవరో తెలియకుండా శిక్ష వేయకూడదనేది ఆయన మాట.

అంతటి మనిషీ ఒకసారి పొరపాటు పడ్డారు. ఊళ్లో మా తమ్ముడి వరి పొట్ట మీద ఉంది, కంకి ఇంకా బయటికి రాలేదు. దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చే దోమ వచ్చిందని చుట్టుపక్కల అందరూ మందు కొడుతున్నారు. తమ్ముడు పిలిస్తే పెదనాన్న వెళ్లారు. మోకాళ్ల నొప్పితో లోపలికి దిగలేక, గట్టు పక్క దుబ్బులే తట్టి చూశారు. నీళ్లలో ఎక్కువగా దోమని తినే సాలీళ్లే పడ్డాయి. "దోమ తక్కువే, ఆగరా" అన్నారు. తమ్ముడు ఆగాడు. వారం తిరక్కుండా చేను నడిమిన సుడులు సుడులుగా ఎండిపోయింది.

ఎవరూ పిలవకుండానే పెదనాన్నే మళ్లీ బస్సెక్కి వెళ్లి, రైతులందరి ముందూ "దోమ నడిమిన మొదలవుతుందని నాకు తెలుసు. తెలిసీ దిగలేదు. తప్పు నాది" అన్నారు. ఆ రోజు ఆయన మీద నా గౌరవం పెరిగింది. అప్పట్నుంచీ ఎవరి చేలోకి వెళ్లినా, పంచె ఎగగట్టి ఒకరి భుజం పట్టుకుని మధ్యదాకా దిగేవారు. వద్దంటే వినేవారు కాదు. తమ్ముడు మాత్రం మళ్లీ ఆయన్ని పిలవలేదు. "వాడికి నా మీద నమ్మకం పోయిందేమోనమ్మా" అని వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవారు. ఆ దిగులుతోనే వెళ్లిపోయారు.

ఆయన పోయిన పొద్దున తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. అపార్ట్‌మెంట్ కింద కార్లు తీయించి ఆయన్ని పడుకోబెట్టాం. మధ్యాహ్నానికి తమ్ముడు బండి మీద వచ్చాడు. కబురు చేలోనే అందినట్టుంది, మోకాళ్ల దాకా బురద. ఎవరినీ పలకరించకుండా తల దగ్గర కూర్చుని, చెవి దాకా వంగాడు.

"నడిమికి దిగే చూశా పెదనాన్నా. దోమ లేదు. ఏటా నేనే దిగి చూస్తన్నా. నీ మోకాళ్లు చూసి పిలవడం మానేశా గానీ, నమ్మక కాదు."

కాళ్లు కడుక్కోమని ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చారు. వాడు లేవలేదు. పిక్కల మీది బురద ఎండి, పెళ్లలు పెళ్లలుగా పెదనాన్న చాప మీద రాలుతూ ఉంది.