సింహం ముందు రెండు క్లిక్కులు

మొన్న చాండ్లర్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. గరాజ్‌లోని పాత స్లైడ్ల పెట్టె తీసుకెళ్ళి అన్నీ స్కాన్ చేస్తున్నాడట. "నాన్నా, మీ ఆఫ్రికా పిక్చర్స్ అన్నీ బ్లర్‌గా ఉన్నై. ఒక్క లయన్ మాత్రం సూపర్ షార్ప్. అది ఎవరు తీశారు?" అని అడిగాడు. మా వంశంలో అడగకూడని ప్రశ్న అది.

మా తాతగారు జమీందారు. హాలు గోడల నిండా పులితలలు ఉండేవి. వేటకి వెళితే మంచె మీద ముందు ఆయన, ఆయన వెనక గురి తప్పని వేటగాడొకడు కూర్చునేవారు. తాతగారి తుపాకీ పేలిన క్షణంలోనే అతనూ పేల్చాలి. శబ్దం మాత్రం ఒక్కటే వినబడాలి. పులి పడితే "దొరవారి గురి!" అని అందరూ అనేవారు. పడిన పులి ఒంట్లో ఎవరి గుండు ఉందో చూడటం మర్యాద కాదు. మా నాయనమ్మ ఒక్కతే, ఆ తలల దుమ్ము దులిపిస్తూ, "వీటిలో మీ తాత కొట్టిందేదో ఆ పులులకే తెలియాలిరా" అని నవ్వేది. తరవాత భూములు పోయాయి, మేడ పోయింది, పులితలల్ని ఒక లాడ్జి యజమాని బేరమాడి పట్టుకుపోయాడు. నాకు మిగిలింది నిటారుగా ఉండే వెన్ను ఒక్కటే. దాంతోనే టెక్సాస్ వచ్చి వంతెనల డ్రాయింగులు గీసే ఉద్యోగంలో చేరాను. ప్లేనోలో తెలుగువాళ్ళు నన్ను చాటుగా "జమీందారు గారు" అనేవారు. ఎదురుగా అన్నా నేను కాదనేవాణ్ణి కాదు.

పంతొమ్మిది వందల ఎనభైల మధ్యలో నా చూపు చెడటం మొదలైంది. బల్లమీద నేను గీసిన తిన్నని గీతే మధ్యలో కుంగినట్టు కనబడేది. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వెళితే ఉద్యోగమూ, కారూ రెండూ పోతాయి. కారు నడపలేనివాడు ప్లేనోలో ఇంట్లో సామానుతో సమానం. అన్నిటికన్నా, ఒకరు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడవడం నా వల్ల అయ్యే పని కాదు. చూపు ఉండగానే ఒక సింహాన్ని చూడాలి, నా చేత్తో ఫోటో తీయాలి అని మాత్రం పట్టుదల కలిగింది. కారణం చెప్పకుండా మా ఆవిడతో కెన్యాకి ప్రయాణం కట్టాను. నాకు పొడుగు లెన్సు కెమెరా, ఆవిడకి ఫోకస్ తానే చూసుకునే చిన్న కెమెరా. రెండింట్లోనూ స్లైడు ఫిలిమే వేశాను.

ఎర్రదుమ్ము, ఎండిన గడ్డి వాసన, ఇంజను ఆపగానే చెవుల్లో దూరే నిశ్శబ్దం. సింహం మా వ్యాను పక్కకే వచ్చి నిలబడింది. నేను తెరిచిన పైకప్పులోంచి నిలబడి లెన్సు తిప్పాను. ఎంత తిప్పినా గడ్డిరంగు మచ్చ తప్ప ఏమీ లేదు. కింద కిటికీ దగ్గర కూర్చున్న మా ఆవిడ, "ఏమండీ, దొరికిందా?" అని గుసగుసగా అడిగింది.

"దొరికింది, మాట్లాడకు" అన్నాను. నొక్కాను. రెండు క్లిక్కులు ఒక్కసారే వినిపించాయి.

ఆ రోజుల్లో సెలవులకి ఎక్కడికైనా వెళ్ళొచ్చినవాళ్ళు తెలుగు కుటుంబాలన్నిటినీ పిలిచి, పులిహోర పెట్టి, స్లైడ్లు చూపించి తీరాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు మూసి, గోడకి తెల్ల దుప్పటి కట్టాం. స్లైడ్లు వరసగా సర్దింది మా ఆవిడే. మొదటి జీబ్రాకే ఒక మిత్రుడు, "ఏమండోయ్, ఆఫ్రికాలో కూడా పొగమంచేనా?" అన్నాడు. ప్రొజెక్టరు ఫోకస్ తిప్పాను. "అంకుల్, ఇందాకే బెటర్‌గా ఉంది" అంది కార్పెట్ మీద కూర్చున్న పిల్ల. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఇందాకటిదీ ఇప్పటిదీ ఒకటే. ఏనుగులూ జిరాఫీలూ అలాగే మసకగా వచ్చి వెళ్ళాయి.

తరవాతి స్లైడుకి గది ఒక్కసారి సద్దుమణిగింది. "అబ్బ, మీసాలు లెక్కపెట్టొచ్చు! వేటగాళ్ళ రక్తం, గురి ఎక్కడికి పోతుందండీ" అన్నాడా మిత్రుడు. "మూల వ్యాను కిటికీ అంచు కూడా పడిందే" అంది అతని భార్య. నేను నిలబడింది పైకప్పులో. చప్పట్లు మొదలయ్యాయి. మా ఆవిడ నా వెనక కుర్చీలోనే ఉంది.

"ఇది మా ఆవిడ తీసింది" అన్నాను.

"ఊరుకోండి, మీరే తీశారు" అంది తను.

"చూశారా, జమీందారీ సంస్కారం అంటే ఇదీ! క్రెడిట్ కూడా ఆవిడకే" అన్నాడు మిత్రుడు. చప్పట్లు ఇంకా పెరిగాయి.

అందరూ వెళ్ళాక మా ఆవిడ దుప్పటి మడుస్తూ, "రేపు కంటి డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నా. డ్రైవింగ్ కూడా నేర్చుకుంటా" అంది. ఎప్పటినుంచి తెలుసని అడిగాను. "మీరు నా మొహం చూడబోయి, చెవి వైపు చూస్తూ మాట్లాడుతున్నప్పటి నుంచి" అంది.

డాక్టరు చేయగలిగింది పెద్దగా లేకపోయింది. ఆ తరవాత ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఆవిడ నడిపే కారులో, పక్క సీట్లో నిటారుగా కూర్చున్నాను. దిగాక చెయ్యి అందిస్తే పట్టుకున్నాను.

"నాన్నా, ఉన్నావా? ఫోటో కింద నీ పేరు పెట్టనా?" అన్నాడు అబ్బాయి. అమ్మ పేరు పెట్టమన్నాను. తాతగారి వెనక కూర్చున్నవాడి సంగతి కూడా చెబుదామని మొదలుపెట్టి, పేరు దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకగా నేను వినలేదు. పలకగలిగిన ఆఖరి మనిషి మా నాయనమ్మని కూడా, నేను అడగాలనుకునేలోపే, కాలం తీసుకుపోయింది.