తూము తలుపు మీది తోపుడు

మావారు కాలువల ఓవర్సీరు. తాడేపల్లిగూడెం దగ్గర కొన్నేళ్లు చేశాక ఏలూరు బదిలీ అయింది. కాలువలో నీళ్లు ఎగువ లాకు ఎత్తితే పెరుగుతాయి, దించితే తగ్గుతాయి. నీటి సంగతి ఆయన నేర్చుకున్నది అక్కడే.

నాకు లెక్కలు నేర్పింది ఆయనే. నీళ్లలో నిలబెట్టిన తలుపు మీద పైఅంచున తోపుడు ఉండదని, లోతుకు పోయేకొద్దీ పెరుగుతుందని పలక మీద గీసి చూపించారు. సగం లోతు దగ్గరి తోపుడు తీసుకుని తలుపు వైశాల్యంతో హెచ్చవేయాలి. నీళ్లు రెట్టింపు ఎత్తుకు వస్తే మొత్తం తోపుడు నాలుగింతలవుతుందంటే నేను నమ్మలేదు. వేసి చూసుకోమన్నారు. చూశాను. నిజమే.

ఆ ఏడు వానాకాలంలో కొల్లేటి ఉత్తరపు గట్టు మీద ఒక తూము తలుపు అడుగున కుళ్లింది. సరస్సు నీరు చేలవైపు కారుతోంది. రైతులు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఊడ్పులు అప్పుడే అయ్యాయట. తలుపు పోతే ఊడ్చిందంతా పోతుందని మెల్లగా చెప్పారు.

కుళ్లిన చోట కొత్త చెక్క బిగించాలంటే చేలవైపు గుంటలో నీళ్లు తోడెయ్యాలి. తోడేస్తే ఎదురు తోపుడు పోయి, సరస్సు బరువంతా తలుపు మీదే పడుతుంది. అందుకని ఇటునుంచి తాటి దూలాలు ఆనించాలని ఆయన నిర్ణయించారు. సరస్సువైపు లోతు ఆరడుగులు, తలుపు వెడల్పు నాలుగు. లెక్క వేసి పలక నా చేతికిచ్చారు. నేనూ వేశాను. నాలుగువేల ఐదువందల పౌన్లు. దూలాలు ఆరువేల దాకా ఆపుతాయన్నారు.

"నీళ్లు ఎక్కితేనండీ?" అన్నాను.

"ఏరు పొంగితే ముందే కబురొస్తుంది. కొల్లేరు ఒక్కపూటలో ఎక్కదు," అన్నారు.

అది నిజం. ఈ ప్రాంతంలో ఎవరినడిగినా అదే చెబుతారు.

ఆయనకొక పద్ధతి ఉండేది. తన లెక్క మీద ఇంకొకరిని దింపే ముందు తనే గుంటలోకి దిగి, తలుపుకు వీపు ఆనించి కాసేపు నిలబడేవారు. కూలీలు గట్టు మీద కూర్చుని ఆయన పిలిచేదాకా చుట్టలు కాల్చుకునేవారు. ఓవర్సీరుగారు గోడకుర్చీ వేస్తున్నారని నవ్వుకునేవారట. ఆయనా నవ్వేవారట.

ఆ తలుపు పనికి ఆయన వెళ్లిన రోజు పొద్దెక్కాక దక్షిణపు గాలి లేచింది. వాన లేదు. పెరట్లో ఆరేసిన బట్టలు తీగకు చుట్టుకుపోతుంటే తీసి లోపల పెట్టాను. అంతకుమించి నాకేమీ తోచలేదు.

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఆయన గుంటలో ఉండగానే దూలాలు విరిగి తలుపు ఆయన మీద పడిందని చెప్పాడు. కూలీలను ఇంకా పిలవలేదట. వాళ్లందరూ క్షేమం.

కర్మలయ్యాక అతన్నే అడిగాను, నీళ్లు ఎంతదాకా వచ్చాయని. సరస్సువైపు తూము రాతి మీది తడి గుర్తు చూశాడట. ఎనిమిదడుగులు. పలక తీసి వేశాను. ఎనిమిదివేల పౌన్లు.

ఏ ఏరూ పొంగలేదు. సరస్సుకు దక్షిణాన కొల్లేటికోట దిక్కునుంచి చేపలు తెచ్చే ఆమె తర్వాతెప్పుడో మాటల్లో చెప్పింది. ఆ గాలి వీచిన పూట వాళ్ల రేవులో నీళ్లు వెనక్కి పోయి, పడవలు బురదలో కూర్చున్నాయట. ఆ నీళ్లు ఎటు పోయాయో అక్కడెవరికీ తెలియలేదట.