జేడ్ చెట్టుకి బ్లీచింగ్ పోసిన మనిషి

మా ఆయనకి చేతులు ఊరికే ఉండవు. ఉండుంటే నా చెట్టు ఈ పాటికి గడప పక్కన నడుమెత్తు నిలబడి ఉండేది.

ఆయన పేరు పెంచలకృష్ణ. మైపాడు పక్కన రొయ్యల గుంటల మీద పద్దెనిమిదేళ్లు టెక్నీషియన్‌గా చేసినాడు. టెక్నీషియన్ అంటే ఏందో అనుకునేరు! చదివింది ఇంటర్, అదీ ఫెయిలు. నాలుగు సీసాల టెస్ట్ కిట్ సంచిలో ఏసుకోని గట్ల మీద తిరగడం, నీళ్లలో ఉప్పెంత, గాలెంత అని చూడడం, గుంటల యజమాని గంగులయ్యకి ఫోన్లో చెప్పడం. ఇంతే ఉద్యోగం. దానికే ఊళ్లో డాక్టరు మాదిరి నడిచేవాడు. మా పెళ్లిచూపులకొచ్చి, మా నాయనిచ్చిన మంచినీళ్ల గ్లాసు వెలుతురుకి ఎత్తి చూసినాడు మహానుభావుడు. అప్పుడే లోపలికి లేచిపోవాల్సింది నేను.

నేను రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తా. పదమూడేళ్ల కిందట అక్కడ సూపర్‌వైజర్ బల్ల మీద జేడ్ మొక్క ఉండేది. ఊడస్తా ఉంటే వేలెడంత కొమ్మ విరిగి కింద పడుండాది. అన్నం డబ్బాలో పెట్టుకోని తెచ్చుకున్నా. మా ఊళ్లో ఉప్పుగాలికి ఏదీ నిలవదు. గులాబీ పెడితే మాడింది, కనకాంబరం పెడితే మాడింది, ఇనప గేటే నాలుగేళ్లకి పొట్టు రాలింది. ఈ చెట్టు మాత్రం నా మణికట్టంత లావు కాండంతో, రూపాయి బిళ్లల్లాంటి ఆకులతో ఎదిగింది. దారిన పోయేవాళ్లు ఆగి అడిగేవాళ్లు, ఎవరు పెంచినారు అని. ఆ ఇంట్లో నాది అని చెప్పుకోడానికి ఉన్నది అదొక్కటే.

దానికి పెద్దగా చాకిరీ ఏం లేదు. పొద్దుటెండ తగలాలి. వేలు రెండు కణుపుల లోతుకి మట్టిలో దించి చూడాలి. తడి తగిలితే చెయ్యి తుడుచుకోని లోపలికి పోవాలి. పొడిగా ఉంటే ఒక చెంబు వాననీళ్లు, కుండ కింద బొక్కలోంచి కారిందాకా పొయ్యాలి. ఎండాకాలం పది రోజులకోసారి చాలు, చలికాలం నెలకోసారైనా పర్లేదు. ఆకు ముడత పడితే దాహం, పసుప్పచ్చగా మెత్తబడితే నీళ్లెక్కువ. నాబోటి ఎనిమిదో తరగతిదానికే తెలిసిన సంగతి.

పోయిన మాఘంలో గంగులయ్య గుంటలకి వైట్ స్పాట్ తగిలింది. రొయ్య మీద తెల్ల చుక్కలొచ్చే రోగం. మూడు రోజుల్లో గుంటల్లో రొయ్యలన్నీ చచ్చి తేలినాయి. ఇంక రావద్దని చెప్పేసినాడు గంగులయ్య. ఈయన కిట్ పట్టుకోని ఇంటికొచ్చినాడు.

మొదటి వారం గ్యాస్ పొయ్యి విప్పి బిగించినాడు. రెండో వారం ఫ్యాను. ఆ తర్వాత ఆయన కన్ను నా చెట్టు మీద పడింది.

"పూటకింత మేత లేకుండా ఎట్టా బతకతాదే ఇది?" అన్నాడు.

"పదమూడేళ్లుగా బతకతానే ఉండాది కదయ్యా, నువ్వు దాని జోలికి పోబాక."

"నీకు తెలీదులే."

బెల్లం, తవుడు, గుంటల్లో చల్లే మందుపొడి కలిపి, మూడు రోజులు పులియబెట్టి పోసినాడు. వీధిలో చీమలన్నీ మా గడపలో దిగినాయి. వేర్లకి గాలాడాలంట, స్క్రూడ్రైవర్‌తో కుండ నిండా పొడిచినాడు. నేను డ్రమ్ములో దాచుకున్న వాననీళ్లు నాలుగు రోజుల్లో అయిపోగొట్టి, పొద్దునా సాయంత్రం బోరు నీళ్లు పెట్టినాడు. నేను తెల్లారి షెడ్డు వ్యాన్ ఎక్కితే పొద్దుగూకి దిగతా. మధ్యలో ఈయన వైద్యం ఎవరు చూడొచ్చినారు?

పదిహేను రోజులకి ఆకుల మీద సన్నగా తెల్ల చుక్కలొచ్చినాయి. నేనింకా గమనించలేదు. ఆయన గమనించినాడు. ఆ సాయంత్రం వ్యాన్ దిగతానే వీధి మొగదల్లోకే బ్లీచింగ్ కంపు కొట్టింది. వచ్చి చూస్తే కుండలో మట్టంతా తెల్లగా ఉండాది. ఈయన బకెట్టు పట్టుకోని నిలబడుండాడు.

"రోగమొచ్చిందే. గుంటకేసే లెక్కలోనే ఏసినా, ఎక్కువేం కాదు."

నా నోట్లోంచి వచ్చిన మాటలు ఇక్కడ చెప్పకూడదు.

మూడు రోజుల్లో ఆకులు టపటపా రాలినాయి. కాండం నొక్కితే వేలు దిగబడింది. ఆదివారం చెట్టుని ఆటోలో పెట్టుకోని నెల్లూరు దారిలో ముంతాజ్ బేగం నర్సరీకి పోయినా. ముప్పై ఏళ్లుగా కుండీ మొక్కలే ఆమె బతుకు. ఆమె కుండ వంక చూసి, వాసన చూసి, నా మొహం వంక చూసింది.

"ఎవరమ్మా ఈ పని చేసింది?"

"మా ఇంట్లో ఉండాడులే అక్కా ఒక సైంటిస్టు."

తెల్ల చుక్కల మాట చెప్తే ఆమె తల కొట్టుకుంది. "అది రోగం కాదమ్మా, ఉప్పు. మీ బోరు నీళ్లలో ఉప్పుని చెట్టే ఆకులోంచి బయటికి నెట్టేస్తాది. తడిగుడ్డతో తుడిస్తే పోయేది."

చెట్టుని కుండలోంచి లాగింది. వేర్లు నల్లగా, జారుగా ఊడొచ్చినాయి. కత్తి తెచ్చి కాండం కోసింది. లోపల గోధుమరంగు. ఇంకాస్త పైన కోసింది, గోధుమరంగే. కోసుకుంటా కోసుకుంటా పోతే ఆఖరికి ఒక్క కొమ్మలో పచ్చగా, శుభ్రంగా కనిపించింది. జానెడు కొమ్మ. పదమూడేళ్లకి నాకు మిగిలింది అది. నర్సరీలోనే కూలబడి ఏడ్చినా.

"వారం రోజులు నీడలో ఆరబెట్టు, కోసిన చోట పక్కు కట్టాల," అంది ముంతాజక్క. "తర్వాత పెన్న ఏటి ఇసక, ఇటుక ముక్కలు కలిపిన పొడి మట్టిలో గుచ్చు. సముద్రపు ఇసక వద్దు. మూడు వారాలు నీళ్ల మాటెత్తొద్దు. తర్వాత మెల్లగా లాగి చూడు. రాకపోతే వేరు పట్టినట్టు. ఈ లోపల దీన్ని ఎంత తక్కువ ముట్టుకుంటే అంత మంచిది."

ఇంటికొచ్చి కొమ్మ ఆయన మొహమ్మీద ఆడించినా. "చూసుకో నీ నిర్వాకం! ఇంక దీని మీద చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరగ్గొడతా. ఏమీ చెయ్యకుండా గమ్మునుండడం కూడా చేతగాదా నీకు?"

ఆయన నేల చూస్తా అన్నాడు.

"గుంటలు పోయిన రోజు గట్టు మీదకొచ్చి నువ్వేమన్నావో గుర్తుండాదా?"

గుర్తుండాది. ఊరంతా గట్టు మీదే ఉండాది ఆ రోజు. ఈయన ఒక మూల చేతులు కట్టుకోని కూర్చోనుంటే, అందరూ వినేటట్టు అరిచినా. రొయ్యలు చస్తా ఉంటే ఏమీ చెయ్యకుండా కూర్చున్నావే, నువ్వూ ఒక మనిషివేనా అని. జనం నవ్వినారు. నాకప్పుడు హాయిగా కూడా అనిపించింది.

"ఆ రోగానికి మందు లేదే," అన్నాడు. "చెయ్యడానికి ఏమీ లేకనే కూర్చున్నా. నీ చెట్టు మీద చుక్కలు చూసినప్పుడు మళ్లీ ఆ రోగమే అనుకున్నా. ఇది కూడా చస్తే మళ్లీ ఆ మాటే అంటావని, చేతికి దొరికిందల్లా పోసినా."

పద్దెనిమిదేళ్లు గట్ల మీద తిరిగిన మనిషిని ఆ ఒక్క మాటతో పనికిమాలినవాణ్ణి చేసినా. ఇన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నా గానీ, ఆ పూట నా మీద నాకే అసహ్యమేసింది. కొమ్మని ఆయన చేతిలోనే పెట్టినా.

ఆరబెట్టింది ఆయనే. గుచ్చిందీ ఆయనే. రోజూ దాని ముందు కుర్చీ ఏసుకోని కూర్చున్నాడు. చెయ్యి చెంబు వైపు పోతాది, వెనక్కొస్తాది. అరచేతులు తొడల కింద పెట్టుకుంటాడు. చూస్తా ఉంటే నవ్వు, ఏడుపు రెండూ వచ్చేవి.

గుచ్చిన ఇరవై రెండో రోజు ఆదివారం. ఆయన రెండు వేళ్లతో కొమ్మని పట్టుకోని లాగినాడు. రాలేదు. ఇంకోసారి లాగినాడు. కదల్లేదు. ఇద్దరం ఒకళ్ల మొహాలొకళ్లం చూసుకున్నాం.

అప్పుడే ఎదురింటి చిన్నపోలయ్య వల భుజానేసుకోని పోతా ఆగినాడు. "ఏంది పెంచలకృష్ణా! నెల రోజుల్నుంచీ చూస్తా ఉండా. ఏమీ చెయ్యకుండా చెట్టుకి కాపలా కూర్చున్నావే? ఇదేనా కొత్త ఉద్యోగం?"

ఆయన తల దించుకోని, గబుక్కున చెంబు అందుకోబోయినాడు. నేను ఆ చెయ్యి పట్టుకోని, వీధి చివరిదాకా వినపడేటట్టు అరిచినా.

"అవునయ్యా చిన్నపోలయ్యా! ఏమీ చెయ్యకుండా కూర్చోనే దీన్ని బతికించినాడు మా ఆయన. నువ్వు కూర్చోగలవా?"